పూస నలిగింది బతికుండగానా, మట్టిలోనా?

ఎన్నో వందల ఏళ్ల కిందటి అస్థిపంజరం. ఛాతీ పూసల్లో చిట్టచివరిదైన పన్నెండోదాన్ని చేతిలోకి తీసుకుని పక్కనుంచి చూస్తే ముందువైపు అణిగిపోయి, వెనుకవైపు ఎత్తుగా నిలిచి ఉంది. చూడగానే 'ఎత్తు నుంచి పడ్డాడు' అన్న మాట నోటికొస్తుంది. నిజమే కావచ్చు. కానీ ఆ ఆకారం రావడానికి కనీసం ఐదు దారులున్నాయి: బతికుండగా తగిలిన దెబ్బ, వయసుతో గుల్లబారిన ఎముక, క్షయ, పుట్టుకతోనో ఎదిగే వయసులోనో వచ్చిన తేడా, పాతిపెట్టాక మీద పడ్డ మట్టి బరువు. మిగతా నాలుగింటినీ ఒక్కొక్కటిగా కొట్టేయగలిగితేనే దెబ్బ అనే మాట నిలబడుతుంది. ప్రాచీన ఎముకల్లో వెన్ను విరుగుళ్లను చదవడమంటే చాలావరకు ఈ కొట్టివేతల పనే.

మెడలో 7, ఛాతీలో 12, నడుములో 5, మొత్తం 24 విడి పూసలు. ప్రతి పూసకూ ముందువైపు బరువు మోసే దిమ్మ ఉంటుంది (మెడలో మొదటి పూసకు మాత్రం ఉండదు). వెనుకవైపు తోరణం లాంటి వంపు, దానికి కీళ్లు, రెక్కలు, వీపు మీద చేతికి తగిలే వెన్నుముల్లు. దిమ్మకూ తోరణానికీ మధ్యనున్న రంధ్రంలోంచి వెన్నుపాము వెళుతుంది. దిమ్మ పైకి గట్టిగా కనిపించినా పైపెంకు చాలా పల్చన, లోపలంతా స్పాంజి లాంటి ఎముక. అందుకే తొడ ఎముకలా అది రెండు ముక్కలుగా విరగదు, మరమరాల ఉండను నొక్కినట్టు లోపలికి కుంగిపోతుంది. కుంగిన ఎత్తు మళ్లీ పైకి లేవదు. వందల ఏళ్ల తర్వాత కూడా ఆ గాయాన్ని కొలవగలగడానికి కారణం అదే.

1983లో డెనిస్ అనే శస్త్రవైద్యుడు వెన్నును మూడు స్తంభాలుగా చూడమన్నాడు: దిమ్మ ముందు సగం, దిమ్మ వెనుక సగం, తోరణం. ముందు స్తంభం మాత్రమే అణిగితే మనిషి నొప్పితోనైనా లేచి తిరుగుతాడు. రెండోదీ పగిలితే దిమ్మ చితికి, దాని వెనుక గోడ ముక్క వెన్నుపాము ఉండే రంధ్రంలోకి తోసుకొస్తుంది. బతికున్నవారి కోసం చేసిన ఈ విభజన తవ్వకాల బల్ల మీదా బాగా పనికొస్తుంది. పూసను పక్కనుంచి కొలిచి వదిలేయకుండా పైనుంచి రంధ్రంలోకి కూడా చూడాలి. రంధ్రం అండాకారం చెడి ముందునుంచి ముక్క పొడుచుకొచ్చిందంటే అది మామూలు అణుగుడు కాదు.

గోతిలో పోగొట్టుకున్నది బల్ల మీద దొరకదు

సగం పని గోతిలోనే అయిపోవాలి. పూసలు వరసలో ఉండగానే పైనుంచీ పక్కనుంచీ ఫొటోలు తీయాలి. శవం ఏ పక్కకు ఒరిగి ఉంది, ఏ పూస మీద రాయి ఉంది, ఏ పూస కింద మట్టి జారి ఖాళీ ఏర్పడింది అన్న వివరాలు రాసుకోకపోతే తర్వాత మట్టి నొక్కుడును, గాయాన్ని విడదీయడం దాదాపు అసాధ్యం. వెన్నుముల్లు కొసలు, తెగిపడిన తోరణం ముక్కలు, యువకుల దిమ్మల అంచుల్లో ఇంకా అతుక్కోని ఉంగరాల లాంటి పల్చని ఎముకలు మట్టిలో గులకరాళ్లలాగే ఉంటాయి. నడుము చుట్టూ ఉన్న మట్టిని సన్న కన్నాల జల్లెడలో పోసి చూడాల్సిందే.

ఎముక గట్టిగా ఉంటే మెత్తని బ్రష్‌తో, కొద్దిపాటి నీళ్లతో శుభ్రం చేయవచ్చు. నానబెట్టకూడదు. స్పాంజిలోకి దిగిన నీరు ఆరేటప్పుడు పైపెంకును చీలుస్తుంది, ఆ చీలిక ఫొటోలో గాయంలాగే కనబడుతుంది. ఎండలో పెట్టినా అంతే, నీడలో నెమ్మదిగా ఆరాలి. పొడిపొడిగా రాలిపోయే ఎముకకు పారలాయిడ్ బి-72 లాంటి రెసిన్‌ను అసిటోన్‌లో పల్చగా కలిపి పట్టిస్తారు. పరిశీలనా ఫొటోలూ పూర్తయ్యాకే ఆ పని చేయాలి, పరీక్షలకు పంపే ముక్కను ముందే పక్కన పెట్టాలి. పూత పడితే మానుతున్న ఎముకలోని సన్నని గరుకుదనం కనుమరుగవుతుంది.

మన ప్రాంతంలో రాక్షసగుళ్లని పిలుచుకునే బృహత్‌శిలా సమాధుల దగ్గర ఈ అధ్యయనానికి రెండు అడ్డంకులు. దక్షిణాదిలో అలాంటి సమాధుల్లో చాలావాటిలో శరీరం శిథిలమయ్యాక ఏరిన ఎముకలను తెచ్చి పెట్టారు. అలా ఏరేటప్పుడు కపాలం, పొడవాటి ఎముకలు చేతికొస్తాయి, పూసలు జారిపోతాయి. రెండోది నేల. గ్రానైట్ మీది ఎర్రమట్టిలో సున్నం పాలు తక్కువ కాబట్టి స్పాంజి ఎముకే ముందు కరిగిపోతుంది. అలాంటి చోట విరిగిన పూస దొరకలేదంటే అక్కడి మనుషులకు వెన్ను విరగలేదని అర్థం కాదు.

కొలత చిన్నదే, మెలిక పెద్దది

ముందుగా పూసలను వరసలో పేర్చాలి. పై పూస కింది కీళ్లు కింది పూస పై కీళ్లలో కూర్చోవాలి. ఛాతీ పూసలకు పక్కటెముకలు ఆనే నున్నటి గుర్తులుంటాయి. పన్నెండో ఛాతీ పూస పై కీళ్లు ఛాతీ తరహాలో, కింది కీళ్లు నడుము తరహాలో ఉండటం సాధారణం కాబట్టి దాన్ని పట్టుకోవడం తేలిక. కొందరికి ఛాతీలో 13 లేదా నడుములో 6 పూసలుంటాయి. లెక్క తప్పితే గాయం స్థానం తప్పుతుంది, స్థానం తప్పితే కారణమూ తప్పుతుంది.

తర్వాత వెర్నియర్ కాలిపర్‌తో దిమ్మ ముందు, మధ్య, వెనుక ఎత్తులు తీసుకోవాలి. పక్కకు ఒరిగినట్టుంటే కుడి, ఎడమ ఎత్తులు కూడా. వయసుతో అంచుల్లో మొలిచిన ఎముక కొక్కేల మీద కాలిపర్ ఆనిస్తే కొలత పెరుగుతుంది, అంచు ఊడిన చోట ఆనిస్తే తగ్గుతుంది. అంచు ఊడిపోయి ఉంటే కొలత రాయకపోవడమే మేలు.

ఒక లెక్క చూద్దాం. పన్నెండో ఛాతీ పూస ముందు ఎత్తు 18 మిల్లీమీటర్లు, వెనుక ఎత్తు 25 అనుకుందాం. వెనుకతో పోల్చితే 28 శాతం తగ్గుదల. 1993లో జెనాంట్ బృందం ఎక్స్‌రేల కోసం ఇచ్చిన కొలబద్ద ప్రకారం 20 నుంచి 25 శాతం తగ్గితే స్వల్పం, 25 నుంచి 40 అయితే మధ్యస్థం, 40 దాటితే తీవ్రం. ఈ పూస మధ్యస్థంలో పడుతుంది. ఇప్పుడు దాని పై పూస ముందు ఎత్తు 22, కింది పూసది 25 అని తేలిందనుకోండి. ఆ రెంటి సగటు 23.5. దానితో పోల్చితే తగ్గుదల 23 శాతమే, పూస స్వల్పం లోకి దిగిపోయింది. ఎముక మారలేదు, దేనితో పోల్చామన్నది మారింది. ఛాతీ, నడుము కలిసే చోట పూసలు ఏ గాయమూ లేకుండానే ముందువైపు మిల్లీమీటరో రెండో తక్కువ ఉంటాయి. ఈ సహజమైన వాలును గాయం ఖాతాలో వేయడం ఈ రంగంలో తరచూ జరిగే తప్పు. పోలిక పొరుగు పూసలతోనే చేయాలి, ఎలా పోల్చారో రాయాలి.

మానిన గుర్తు, మట్టి గుర్తు

ఎత్తు తగ్గిందని తేలాక, అది ఎప్పుడు జరిగిందన్నది తేల్చాలి. బతికుండగా విరిగి, మనిషి ఆ తర్వాత కొంతకాలం బతికితే ఎముక స్పందిస్తుంది. సుమారు రెండు వారాలకు కొత్త ఎముక సన్నని గరుకు పొరలా పైకి కనిపించడం మొదలవుతుంది. నెలల మీద ఆ గరుకు సర్దుకుని నున్నబడుతుంది. ఏళ్లు గడిస్తే పై పూస అంచు నుంచి కింది పూస అంచుకు వంతెనలాంటి ఎముక పెరిగి రెండూ కలిసిపోవచ్చు. పూర్తిగా మానిన పూసను చూసి అది చావుకు రెండేళ్ల ముందరిదా, ఇరవై ఏళ్ల ముందరిదా అని చెప్పే దారి లేదు. ఎక్స్‌రేలో, ఇంకా బాగా మైక్రో సీటీలో (అతి సన్నని పొరలుగా చూపే స్కాన్), అణిగిన చోట తెల్లటి పట్టీ కనిపిస్తుంది. స్పాంజి గోడలు ఒకదాని మీద ఒకటి కూరుకుపోయి దట్టమైన జాగా అది. సాధారణంగా పై పలక (దిమ్మ పై ముఖం) కింద, ముందు మూల దగ్గర ఉంటుంది.

మట్టి నొక్కితే ముక్కలు ఎండిన ఎముకలా పెళుసుగా విరుగుతాయి. విరిగిన అంచు గరుకుగా, తరచూ చుట్టూ ఉన్న ఎముక కన్నా లేత రంగులో ఉంటుంది. నిన్నటి పార దెబ్బ అయితే మరీ తెల్లగా మెరుస్తుంది. పైగా మట్టి ఒక్క పూసతో ఆగదు. పక్కనున్న పూసలూ పక్కటెముకలూ ఒకే దిక్కుకు నలుగుతాయి.

అసలు చిక్కు మధ్యలో ఉంది. చావు వేళ తగిలిన దెబ్బకు మానే సమయం ఉండదు. ఎముకలో తడి, జిగురు ఉన్నంతకాలం అది పచ్చి కొమ్మలా వంగి, నున్నటి అంచుతో విరుగుతుంది. చచ్చిపోయాక కూడా వారాలు, ఒక్కోసారి నెలల పాటు ఆ గుణం ఉంటుంది. అందుకని 'చావు వేళ' అన్న మాటకు ఎముకల లెక్కలో అర్థం చావు క్షణం కాదు, దానికి కాస్త ముందూ చాలా వెనకా ఉన్న ఒక వ్యవధి. ఈ తేడా పట్టించుకోకపోతే చరిత్రే తప్పుతుంది. మొహెంజోదారోలో చెల్లాచెదురుగా పడిన అస్థిపంజరాలను చూసి పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ ఆర్యుల ఊచకోత అన్నాడు, నేరాన్ని ఇంద్రుడి మీదికి తోశాడు. తర్వాత ఎముకల నిపుణుడు కెన్నెత్ కెనెడీ అవే ఎముకలను మళ్లీ పరిశీలిస్తే చావు వేళ తగిలిన దెబ్బ అనదగ్గవి ఒకటి రెండుకు మించి తేలలేదు. అక్కడ వివాదం ప్రధానంగా కపాలాల గురించి, కానీ పూసలకూ వర్తించే పాఠమే.

గాయంలా కనిపించేవి

క్షయ అందరికన్నా పెద్ద మోసగాడు. అది దిమ్మ ముందు భాగాన్ని తినేస్తుంది, దిమ్మల మధ్యనుండే మెత్త లాంటి డిస్క్‌ను దాటి పక్క పూసకు పాకుతుంది. చివరికి రెండు మూడు దిమ్మలు కూలి, వీపు కోణంగా వంగి గూని ఏర్పడుతుంది. తోరణం చాలావరకు చెక్కుచెదరదు. పూస లోపల చూస్తే తేడా తెలిసిపోతుంది: దెబ్బ తిన్న దిమ్మలో ఎముక దట్టంగా కూరుకుంటుంది, క్షయ దిమ్మలో ఎముకే మాయమై గుంతలు మిగులుతాయి. ఈజిప్టులో 21వ రాజవంశ కాలపు అమున్ పూజారి నెస్‌పెరెహాన్ మమ్మీని 1910లో ఇలియట్ స్మిత్, రఫర్ వర్ణించారు. కూలిన పూసలతో పాటు నడుము లోపలి కండరంలో చీముగడ్డ కూడా ఎండి మిగిలింది. అంత స్పష్టమైన సాక్ష్యం మళ్లీ మళ్లీ దొరకదు. ఉత్త ఎముక మిగిలిన చోట రోగనిర్ణయం ఎప్పుడూ అంత ధీమాగా ఉండదు.

గుల్లబారిన ఎముకలో పూసలు సాధారణంగా ఒకటికి మించి అణుగుతాయి. నడి ఛాతీ పూసలు, మళ్లీ ఛాతీ నడుము కలిసే చోటు దీనికి ఇష్టమైన స్థలాలు. పై పలకా కింది పలకా రెండూ లోపలికి కుంగి దిమ్మ చేప పూసలా తయారవుతుంది. దగ్గో, తుమ్మో, బిందె ఎత్తడమో చాలు, పడిపోనక్కర్లేదు. ఇది మన కాలపు జబ్బని కొట్టేయలేం. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో వారమ్ పెర్సీ అనే మధ్యయుగపు పల్లె శ్మశానం నుంచి 687 అస్థిపంజరాలు బయటపడ్డాయి. ముట్లుడిగిన వయసు ఆడవాళ్లలో ఎముక నష్టం నేటి మహిళలతో పోల్చదగ్గ స్థాయిలోనే ఉందని ఎముకల పరిశోధకుడు సైమన్ మేస్ చూపించాడు. ఒళ్లు వంచి బతికిన పల్లెటూరి స్త్రీలకు ఈ బెడద ఉండదన్న ఊహకు అది గట్టి దెబ్బ. ఎముకను చేత్తో ఎత్తి తేలిగ్గా ఉందని గుల్లబారిందనే నిర్ణయానికి మాత్రం రాకూడదు. నేలలో సున్నం కరిగిపోయిన ఎముకా తేలిగ్గానే ఉంటుంది.

మిగతావి క్లుప్తంగా. వరసగా మూడు పూసలు, ఒక్కోటి 5 డిగ్రీలు లేదా అంతకు మించి ముందుకు వాలి, పలకలు ఎగుడుదిగుడుగా ఉంటే ఎదిగే వయసులో వచ్చే షోయర్‌మాన్ వ్యాధిని గుర్తుచేసుకోవాలి. దిమ్మ సగమే ఏర్పడినా, రెండు పూసలు పుట్టుకతోనే కలిసి ఉన్నా, కీళ్లూ తోరణాలూ కూడా ఆ తేడాకు తగ్గట్టే పెరిగి ఉంటాయి. పలక మీద గుండ్రటి చిన్న గుంత డిస్క్ లోపలికి దిగిన గుర్తు, దాన్ని విరుగుడుగా లెక్కించకూడదు.

ఎలా విరిగింది?

తాటిచెట్టు మీంచి జారిన గీత కార్మికుణ్ణి ఊహించుకోండి. కాళ్ల మీద పడితే బరువు మడమ నుంచి మోకాలికి, తుంటికి, వెన్నుకు ఎక్కుతుంది. పక్కటెముకల పంజరంతో బిగుసుకున్న ఛాతీ వెన్ను, స్వేచ్ఛగా వంగే నడుము వెన్ను కలిసే చోట, అంటే ఛాతీ 11, 12, నడుము 1, 2 పూసల దగ్గర, ఆ బరువు వంపుగా మారి దిమ్మ ముందు భాగాన్ని నొక్కేస్తుంది. అందుకే నేటి ఎముకల వైద్యులు మడమ ఎముక చితికితే నడుమూ చూస్తారు. తవ్వకాల్లో దీన్ని తిరగేసి వాడాలి. యువకుడి బరువైన ఎముకల్లో ఒకే పూస అణిగి ఉంటే మడమ ఎముకలు, మోకాలి కింది పలక, మణికట్టు వెతకాలి. అవి కూడా మానిన గుర్తులతో దొరికితే 'పడ్డాడు' అనే మాటకు బలం వస్తుంది. ఒక్క పూసతోనే ఆ మాట అనేయడం తొందరపాటు.

దెబ్బ ఒక్కటే కాదు, పదే పదే మోపిన భారమూ విరుస్తుంది. నడుము చివరి పూసలో పై కీలుకూ కింది కీలుకూ మధ్య ఎముక సన్నగా ఉంటుంది. అక్కడ రెండు పక్కలా తెగితే తోరణం విడి ముక్కగా ఊడిపోతుంది. దీన్ని స్పాండైలోలైసిస్ అంటారు. ఒకప్పుడు పుట్టుక లోపమనుకున్నారు. కానీ జీవితంలో ఎన్నడూ నడవని 143 మందిని 1981లో పరిశీలిస్తే ఒక్కరిలోనూ ఇది లేదు. నేటి పెద్దవాళ్లలో నూటికి ఐదారుగురికి ఉంటే, అలాస్కా ఆదివాసుల ఎముకల్లో స్టీవర్ట్ 1953లో చూపిన లెక్క పావు వంతు దాటింది, వయసుతో పాటు పెరిగింది. కెనడా ఉత్తరాన సదాంప్టన్ దీవిలో 1902-03 చలికాలంలో జబ్బుతో తుడిచిపెట్టుకుపోయిన సాడ్లర్‌మ్యూట్ అనే స్థానిక జనం ఎముకల మీద పరిశోధకుడు చార్లెస్ మెర్బ్స్ ఏళ్ల తరబడి పనిచేశాడు. ఉత్తర కెనడా ఇన్యూట్‌ల అస్థిపంజరాల్లో టీనేజీ పిల్లలు, యువకుల పూసల్లో సగం తెగి ఆగిన చీలికలు ఆయనకు కనిపించాయి. పెద్దవాళ్లలో అవి అరుదు. అంటే చీలిక మొదలై, కొందరిలో మానిపోయింది, మిగతావారిలో పూర్తిగా తెగింది. అదే జనంలో కనిపించిన అణిగిన దిమ్మలకు గడ్డకట్టిన మంచు మీద బండి కుదుపులు కారణం కావచ్చన్నాడు. ఆ రెండో మాట సాధ్యమే, కానీ మొదటిదానికున్న బలం దానికి లేదు. చీలిక ఎముక మీదే కనిపిస్తుంది, బండి ప్రయాణం ఊహతో చేర్చాల్సిందే.

బల్ల మీద దీన్ని పోగొట్టుకోవడం చాలా తేలిక. తోరణం లేని నడుము పూస దొరికితే తవ్వేటప్పుడు విరిగిందనుకుని పక్కన పెట్టేస్తారు. తెగిన చోటు లెన్స్ కింద పెట్టి చూడాలి: గుండ్రబడి, గట్టి పెంకు కట్టి ఉంటే పాతది, స్పాంజి బయటపడి పదునుగా ఉంటే కొత్తది.

మెడ చివరి పూస లేదా మొదటి ఛాతీ పూస ముల్లు కొస ఊడటం ఇంకో తరహా. పశ్చిమ ఆస్ట్రేలియాలో 1930ల నాటి కాలువ కూలీల్లో దీన్ని బాగా గుర్తించారు. జిగురు మట్టి పారకు అతుక్కుని వదలక, విసురులో భుజాల కండరాలు ముల్లును లాగేస్తాయి. నల్లరేగడి వానాకాలంలో తవ్విన వాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. ఇరవై ఏళ్లు దాటని వారిలో ముల్లు కొస సహజంగానే ఇంకా అతుక్కుని ఉండకపోవచ్చు, కాబట్టి ముందు వయసు నిర్ణయించాలి.

ఉరి గురించి అపోహలు ఎక్కువ. రెండో మెడపూస రెండు పక్కలా తెగడాన్ని 'ఉరి విరుగుడు' అంటారు. 1913లో వుడ్ జోన్స్ దాన్ని వర్ణించింది రంగూన్‌లో ఉరితీసిన వారి ఎముకలు చూసి. అది మనిషిని చాలా కిందికి వదిలే పద్ధతి, 19వ శతాబ్దంలో వచ్చింది. 1882 నుంచి 1945 దాకా అలా ఉరితీసిన 34 మంది ఎముకలను తర్వాత పరిశీలిస్తే మెడపూసలు విరిగినవారు కొద్దిమందే. పాతకాలపు ఉరి ఊపిరి ఆపేది, మెడ విరిచేది కాదు. కాబట్టి ప్రాచీన మెడపూసలో ఈ విరుగుడు కనిపిస్తే ముందు తలకిందులుగా పడటం గురించే ఆలోచించాలి.

తర్వాత ఎలా బతికాడు?

సుమారు క్రీస్తుపూర్వం 1600 నాటి ఈజిప్టు వైద్య గ్రంథం ఎడ్విన్ స్మిత్ పపైరస్‌లో 48 గాయాల వర్ణన ఉంది. 31వది మెడపూస జారిన మనిషి గురించి: కాళ్లూ చేతులూ తెలియవు, మూత్రం తెలియకుండా పోతుంది. 33వది తలకిందులుగా పడి ఒక పూస ఇంకో పూసలోకి దిగిన మనిషి గురించి. రెండింటికీ వైద్యుడి తీర్పు ఒకటే, వైద్యం చేయదగని గాయం. ఎముకల్లో మాత్రం పక్షవాతం నేరుగా కనిపించదు. కాళ్ల ఎముకలు చేతుల ఎముకలతో పోల్చితే సన్నబడటం, కండరాలు అతుక్కునే చోట్లు నునుపుదేలడం చూసి చెప్పాలి, అదీ ఏళ్ల తరబడి బతికితేనే. వియత్నాంలోని మాన్ బాక్‌లో దొరికిన సుమారు 4,000 ఏళ్ల కిందటి యువకుడి అస్థిపంజరంలో అలాంటి సన్నదనమే ఉంది, మెడపూసలు కలిసిపోయి ఉన్నాయి. కానీ కారణం విరుగుడు కాదు, పుట్టుకతో వచ్చిన క్లిపెల్-ఫీల్ లోపం.

లెక్క దగ్గర ఇంకో గుంత ఉంది. 60 అస్థిపంజరాల్లో 4 పన్నెండో పూసలు అణిగి ఉన్నాయనుకుందాం. మనుషుల లెక్కన 6.7 శాతం. కానీ ఆ పూస దొరికింది 40 మందిలోనే అయితే 10 శాతం. పక్క శ్మశానంతో పోల్చేముందు రెండు చోట్లా ఒకే హారం వాడారా అని చూడాలి. మానిన విరుగుడంటే ఆ మనిషి దాన్ని తట్టుకుని బతికాడనే అర్థం, కాబట్టి ఎక్కువ విరుగుళ్లున్న శ్మశానం ఎక్కువ బలహీనుల ఊరని అనుకోనక్కర్లేదు. 1992లో జేమ్స్ వుడ్ బృందం ఎత్తిచూపిన ఈ చిక్కుకు నేటికీ తేలికైన పరిష్కారం లేదు.

మొదట చెప్పిన పూసకు రిజిస్టరులో రాయాల్సిన వరస ఇలా ఉంటుంది: ఛాతీ 12, ముందు 18, వెనుక 25, పొరుగు సగటు 23.5, తగ్గుదల 23 శాతం, స్వల్పం. పై పలక ముందు మూల కుంగింది, ఎక్స్‌రేలో దట్టమైన పట్టీ ఉంది, అంచు నున్నబడింది, వెనుక గోడ సరిగా ఉంది, పక్క పూసల్లో గుంతలు లేవు. మానిన అణుగుడు. మడమ ఎముకలు దొరకలేదు. కారణం: పడిపోవడం కావచ్చు, నిర్ధారణ లేదు.